ఎనిమిదో పీఠం

"పట్టం వచ్చింది! మాచన వీరుడికి అజేయ పట్టం వచ్చింది!"

కోట నుంచి బయలుదేరిన దండోరావాడు వీధి మలుపు తిరగక ముందే వాడి కేక కంచరివాడ అంతా పాకిపోయింది. కుంభగిరి రాజ్యంలో ఓటమి ఎరుగని ముష్టియోధుడు మాచన ఆ సమయానికి కంచు పోతపోసే మామగారి పెరట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. అరవై ఒక్క మంది దవడలు చితక్కొట్టిన ఆ చేతులకు ఈనె తియ్యడం మాత్రం చేతకావడం లేదు. పెళ్ళయి పదకొండు రోజులైన అతడి భార్య కువలయ, అతడు నలిపేసిన కాయలను ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తూ పడీపడీ నవ్వుతోంది.

"దీన్ని చూడు మావా! దీని ముక్కు కూడా పగలగొట్టేశావు."

"అది ముందు నా మీదికి వచ్చింది పిల్లా."

ఇంతలో తలుపు తోసుకుని దండోరావాడు వచ్చాడు. మాచన లేచి నిలబడ్డాడు. ఒళ్ళోని చిక్కుడుకాయలన్నీ పెరడంతా దొర్లాయి. దండోరావాడు పట్టుబట్ట విప్పి రాజాజ్ఞ చదివాడు. రేపు సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ మాచన బరిలో నిలబడి, పిడికిళ్ళకు చుట్టుకునే నూలుపట్టీలు తన చేత్తో తానే విప్పి రాజుగారి పాదాల దగ్గర పెడతాడు. ఆ క్షణం నుంచి అతడు అజేయుడు. ఇక జన్మలో పోటీకి దిగనవసరం లేదు. బరి పక్కనున్న అజేయ మంటపంలో ఎనిమిదో పీఠం మీద అతడి కంచు విగ్రహం నిలుస్తుంది. అతడికీ ఇల్లాలికీ మంచుకొండల కింద పండ్లతోట, అందులో మేడ, జీవితాంతం భుక్తి.

కువలయ రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. "మేడా? మెట్లు లోపలి నుంచా, బయటి నుంచా?" అని అడిగింది.

"అది ఆజ్ఞలో రాయలేదమ్మా," అన్నాడు దండోరావాడు. "పట్టీలు విప్పేముందు ఆనవాయితీగా మూడు పిలుపులు ఉంటాయి. 'ఈ వీరుడికి ఎదురు నిలిచేవాడు ఉన్నాడా?' అని గడియకోసారి డప్పు కొట్టి అడుగుతాం."

"ఎవరైనా ఉన్నానంటే?"

"పోరు జరిగి తీరాలి. రాజుగారు కూడా ఆపడానికి లేదు. ఓడితే మాత్రం పలికినవాడి తల తీస్తారు. మా తాత కాలం నుంచీ ఒక్కడూ పలకలేదు." వాడు కువలయ ఇచ్చిన మజ్జిగ తాగి మూతి తుడుచుకుని మాచన వంక కొంటెగా చూశాడు. "ఆ కాటమ ఉండుంటే పలికేవాడేమోలే. పోటీకి ముందురోజే పారిపోయాడు కదా, పిరికి వెధవ!"

మాచన నవ్వలేదు. మూడేళ్ళ కిందట చెరువుకోట నుంచి కాటమ అనే పడవవాడు వచ్చాడు. అరచేత్తో కొబ్బరికాయ పగలగొట్టి, మాచనను పోటీకి పిలిచాడు. తెల్లవారేసరికి మాయమయ్యాడు. కాటమ భయపడి పారిపోయాడని కోటలో చాటించారు. ఆ చాటింపు విన్న రోజు మాచన కంటినిండా నిద్రపోయాడు.

"రేపటితో నీ ముక్కుకి పసుపు రాసే పని తప్పింది," అంటూ కువలయ అతడి చెయ్యి పట్టుకుని ఊపింది. "పద, మన పీఠం చూసొద్దాం. మీ గురువుగారి విగ్రహం కూడా అక్కడే ఉందన్నావుగా!"

అజేయ మంటపం కుంభగిరికే తలమానికం. నూటొక్క నల్లరాతి స్తంభాలు, ఒక్కో స్తంభం మీద వెయ్యి చిలకలు, ఏ చిలకకూ ఇంకో చిలక పోలిక లేదు. పైకప్పులోని గుండ్రటి గవాక్షాల నుంచి ఎండ బంగారు గొడుగుల్లా దిగుతోంది. నేల ఎంత నున్నగా ఉందంటే కువలయ తన కాలి మెట్టెలు కిందనుంచి కూడా మెరవడం చూసి రెండుసార్లు వెనక్కీ ముందుకూ నడిచింది. ఆ వెలుగు గొడుగుల కింద, తామరపువ్వు పీఠాల మీద, పిడికిళ్ళు బిగించి ఏడుగురు కంచు వీరులు నిలబడి ఉన్నారు. ఎనిమిదో పీఠం ఇంకా పూర్తి కాలేదు. లోపల డొల్లగా ఉంది. మర్నాడు పట్టం వేళకి సున్నం నింపడానికి వెనకవైపు ఒక రాయి తీసి ఉంచారు.

మంటపం ఊడ్చే సింగమ్మ అనే ముసలమ్మ చింతపండు పిసికి విగ్రహాల పాదాలు తోముతోంది.

"వీళ్ళందరూ ఎవరెవరు అవ్వా?" అని అడిగాడు మాచన.

"ఎవరో అజేయులు నాయనా."

"పేర్లు?"

"పీఠాల మీద ఉండేవి. నలభై ఏళ్ళుగా తోముతున్నా కదా, చింతపండు తినేసింది." ఆమె చేతి వెనకతో ముక్కు తుడుచుకుంది. "వీడు ఎవర్నో కొట్టాడు, వాడు ఇంకెవర్నో కొట్టాడు. అందరూ గెలిచినవాళ్ళేనాయె, ఎవడిదని గుర్తుంటుంది? కుంటి బైరడి సంగతి అడుగు, చెప్తాను!"

"అతను గెలిచాడా?"

"ఒక్కసారీ గెలవలేదు! ఇరవైసార్లు పడ్డాడు. ఆఖరిసారి పళ్ళన్నీ ఊడి చేతిలోకొచ్చినా లేచి, 'ఇంకోటి కొట్టరా, ఇది నాకు అందలేదు' అన్నాడు. ఊరంతా ఏడ్చింది. మా మనవడికి ఆయన పేరే పెట్టుకున్నాం."

మాచన ముఖం చిన్నబోయింది. మాట మార్చడానికి ఏడో విగ్రహం దగ్గరికి వెళ్ళాడు. అది అతడి గురువు రేవణది. ఆరేళ్ళ కిందట అజేయ పట్టం కట్టించుకుని మంచుకొండల తోటకు వెళ్ళిపోయిన రేవణ. వెళ్ళాక ఒక్క కబురైనా పంపలేదు. మాచన వంగి పాదాలకు దణ్ణం పెట్టాడు. ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న ఎడమ కాలి చిటికెనవేలు కూడా అచ్చుగుద్దినట్టు ఉంది.

కువలయ మాత్రం దణ్ణం పెట్టలేదు. విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగింది. చంకల కింద చూసింది, మడమలు తడిమింది, వేలి కణుపుతో పొట్ట మీద కొట్టి చెవి ఆనించింది. ఆమె నవ్వు ఎక్కడికో పోయింది.

"మావా, ఇది పోత విగ్రహం కాదు."

"మరి?"

"పోత పోస్తే కంచు లోపలికి వెళ్ళడానికి గొట్టం పెట్టాలి. దాన్ని తెంపినచోట మచ్చ పడుతుంది. మా నాన్న ఎంత అరగదీసినా ఆ మచ్చ నాకు దొరక్కుండా ఉండదు. దీనికి ఎక్కడా లేదు. పైగా లోపల డొల్ల కాదు." ఆమె మరోసారి పొట్ట మీద తట్టింది. "ఇంకో సంగతి. ప్రతి పట్టానికీ కోటవాళ్ళు మా నాన్న చేత బుట్టెడు మైనం తెప్పించుకుంటారు, బొమ్మ చెయ్యడానికని. మర్నాడు ఆ మైనం చెక్కు చెదరకుండా తిరిగొచ్చేస్తుంది. గురువుగారప్పుడు వచ్చిన మైనంతో నేను ఏనుగు చేసుకుని ఆడుకున్నాను. మైనం వాడకుండా బొమ్మ ఎలా వచ్చింది మావా?"

మాచన గురువు విగ్రహాన్ని కాళ్ళ నుంచి ముఖం దాకా చూశాడు. గోళ్ళ కింద మట్టి ఉంది. కనుకొలకులో ఒక బొట్టు తడి ఉంది. అతడు చూస్తుండగానే ఆ బొట్టు పెద్దదై చెంప మీదికి జారింది.

అంతలో బయట శంఖం ఊదారు. సింగమ్మ చింతపండు ముంత వదిలేసి లేచింది. "రాజుగారూ తామ్రకేతులవారూ వస్తున్నారు! ఈ వేళప్పుడు ఇక్కడ కనబడితే కళ్ళు పీకేస్తారు," అంటూ పక్కదారిన జారుకుంది. పక్కదారి దాకా వెళ్ళే వ్యవధి వీళ్ళకు లేదు. మాచన కువలయను ఎత్తి ఎనిమిదో పీఠం డొల్లలోకి తోసి, తానూ దూరి, రాతిని లాక్కున్నాడు. తన కోసం కట్టిన పీఠంలో తానే ముడుచుకుని కూర్చున్నాడు.

రాతి సందులోంచి ముందు రెండు జతల కాళ్ళు కనిపించాయి. ఒకటి రాజు విక్రాంతవర్మది, ముత్యాల పాదుకలు. రెండోది రాజగురువు తామ్రకేతుడిది. వాడి పాదాల గోళ్ళు రాగిరంగులో మెరుస్తున్నాయి. మెడ వంచి పైకి చూస్తే వాడి భుజం మీద ఎర్ర కళ్ళ కంచు ముంగిస ఒకటి కూర్చుని ఉంది.

"ఇంకా తెలివి ఉందా వీళ్ళకి?" అని అడిగాడు రాజు.

"పరీక్షించండి ప్రభూ." తామ్రకేతుడు గరిటెలో మరుగుతున్న సీసం తెచ్చాడు. దాన్ని రేవణ పాదం మీద బొట్టుబొట్టుగా పోశాడు. కంచు చుయ్యిమంది. విగ్రహం కదల్లేదు, మూలగలేదు. కళ్ళ నుంచి మాత్రం నీళ్ళు ధారగా కారాయి.

రాజు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "అన్నీ తెలుస్తున్నాయన్నమాట! పాపం, అరవనైనా లేడు. ఇంకో రెండు చుక్కలు పొయ్యండి గురుదేవా."

డొల్లలో మాచన పిడికిలి బిగుసుకుంది. కువలయ ఆ పిడికిలిని రెండు చేతులతో పట్టుకుని తన ఒళ్ళో అదిమిపెట్టింది.

"రేపు ఎనిమిదోవాడు పట్టీలు విప్పగానే మంత్రం నిండుతుంది," అన్నాడు తామ్రకేతుడు. "ఎనిమిదిమందీ పీఠాలు దిగుతారు. కత్తి తెగదు, నిప్పు కాలదు. ఒక్క ఓటమైనా ఎరగని దేహాలు ప్రభూ! నది అవతలి మూడు రాజ్యాలనూ వాళ్ళే తొక్కి వస్తారు. ఆడ, పిల్ల, ముసలి, ఏదీ మిగలదు."

"మాచన పారిపోతే?"

"ఎలా పారిపోతాడు? కోట తలుపులు మూయించాను. దీపాల వేళకి ఇంట్లో లేకపోతే వాళ్ళ మామని సొంత కొలిమిలోనే కాలుస్తారు. వాడు కోరుకున్నదే కదా మనం ఇస్తున్నది? ఓటమి ఎరగని పేరు! ఇక ఎప్పటికీ ఓడడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. రాజు ఎగిరి ఎనిమిదో పీఠం మీదికి ఎక్కి పిడికిళ్ళు బిగించి నిలబడ్డాడు. సున్నపు పొడి రాలి కువలయ ముక్కులోకి వెళ్ళింది. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి, తుమ్ము వస్తోంది! మాచన రెండు వేళ్ళతో ఆమె ముక్కు నొక్కిపట్టాడు. తుమ్ము చెవుల్లోంచి పోయినట్టు ఆమె ఒళ్ళంతా ఒక్కసారి అదిరి ఊరుకుంది.

"మంత్రానికి ప్రమాదం ఏమీ లేదుగా?" పైనుంచి రాజు గొంతు వినిపించింది.

"ఒక్కటే ఉంది. పట్టీలు విప్పేలోగా వాడు ఓడితే మంత్రం తిరగబడుతుంది. ఈ ఏడుగురూ మళ్ళీ రక్తమాంసాలవుతారు. కావాలని పడిపోతే చెల్లదు. దేహం నిజంగా ఓడాలి. వాణ్ణి నిజంగా ఓడించగల మనిషి ఈ లోకంలో ఒక్కడే, ఆ కాటమ."

"ఉన్నాడా వాడు?"

"బరి వెనక సున్నపు గానుగలో ఎద్దుకి బదులు తిరుగుతున్నాడు. మాచన గెలిచిన ప్రతిసారీ వెళ్ళి వాడికి చెప్పి వస్తాను. వాడి ముఖం చూడ్డం నాకు మంచి కాలక్షేపం. రేపు పట్టం అయ్యాక బట్టీలో వేసేద్దాం."

వాళ్ళు వెళ్ళిపోయారు. వెళుతూ తామ్రకేతుడు ముంగిసను నేల మీదికి దింపి, "కాపలా," అన్నాడు.

తలుపు మూసుకుందో లేదో ముంగిస ముక్కెగరేసి గాలి పీల్చింది. దాని ఎర్ర కళ్ళు ఎనిమిదో పీఠం వైపు తిరిగాయి. మరుక్షణం అది బాణంలా వచ్చి రాతిని కొరికింది. రాయి అటుకుల్లా రాలింది. మాచన బయటికి దూకి దాని నడుం మీద ఒక్క గుద్దు గుద్దాడు. ఎద్దును పడగొట్టే గుద్దు అది. ముంగిసకు ఏమీ కాలేదు. అతడి వేలి కణుపు మాత్రం చిట్లి నెత్తురు చిమ్మింది. ముంగిస గాలిలో మెలికతిరిగి అతడి గొంతు మీదికి ఎగిరింది. అతడు దాని దవడలు రెండూ పట్టుకుని వెనక్కి పడ్డాడు. కంచు కోరలు మెడకు వెంట్రుకవాసి దూరంలో టకటకలాడుతున్నాయి.

"మావా! దీనికి మచ్చ ఉంది! ఇది నిజంగా పోత పోసిందే!" అని అరిచింది కువలయ. "ఎడమ చెవి కింద, గొట్టం తెంపినచోట! పోత అక్కడే పలచన!"

మాచన ఒక చెయ్యి వదిలాడు. ఒక కోర అతడి దవడ చీల్చింది. వదిలిన పిడికిలితో చెవి కింద మచ్చ మీద కొట్టాడు. ముంగిస పగిలిన కుండలా పెళ్ళుమని వంద ముక్కలైంది.

పక్కదారిలోంచి సింగమ్మ తొంగిచూసింది. ముక్కలను చూసింది, నెత్తురు చూసింది, విగ్రహం కళ్ళ నీళ్ళూ చూసింది. చీపురు తెచ్చి ముక్కలన్నీ చింతపిప్పి బుట్టలోకి ఎత్తేసింది. "నలభై ఏళ్ళుగా ఆ నీళ్ళు చెమ్మ అనుకుని తుడిచాను నాయనా," అంది.

పొద్దు వాలడానికి ఇంకా రెండు గడియలున్నాయి, దీపాల వేళలోగా కాటమను కలిసి ఇంటికి చేరాలి. మాచన సున్నపు బట్టీ కూలివాడి కొడుకు. బట్టీలో పనిచేసేవాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో అతడికి బాగా తెలుసు. అసలు ఉండవు. తల నుంచి కాళ్ళ దాకా అందరూ తెల్లగా, ఒక్కలాగే దయ్యాల్లా ఉంటారు. అతడూ కువలయా సున్నం దోసిళ్ళతో ఎత్తి ఒంటినిండా పోసుకున్నారు. అతడు బుట్ట ఎత్తుకున్నాడు, ఆమె బెల్లం నీళ్ళ కుండ ఎత్తుకుంది. కుండలో ఇనుము అరగదీసే ఆమె పుట్టింటి ఆకురాయి ఉంది, మసి కలిపిన మైనపు ముద్ద ఉంది. బరి గోడ వెనకున్న గానుగ వాకిట్లో కాపలావాళ్ళు వాళ్ళ వంక చూడనైనా చూడలేదు.

గుండ్రటి గాడిలో మనిషెత్తు రాతి చక్రం సున్నాన్ని నలుపుతోంది. దూలానికి ఒకవైపు ఒక ఎద్దు, రెండోవైపు ఒక మనిషి. ఆ మనిషి చెవులు రెండూ కోసేసి ఉన్నాయి. వీపు మీద కొరడా చారలు పాత చాపలా అల్లుకుని ఉన్నాయి. భుజాలు మాత్రం కొండ చరియల్లా పెరిగాయి. కాలికి గొలుసు, గొలుసు కొస దూలానికి.

ఎద్దు కాలు మడిచి కూలబడింది. గానుగ ఆగిపోయింది. కొరడా పట్టుకున్న మేస్త్రీ చుట్టూ చూసి, దగ్గర్లో నిలబడ్డ మాచన వీపు మీద ఛళ్ళున కొట్టాడు.

"ఏరా, చూస్తున్నావేం? కాడి కిందికి దూరు!"

మాచన బతుకులో దెబ్బ తిని తిరిగి కొట్టని క్షణం ఇదే మొదటిది. పిడికిలి లేవబోయింది. "మావా," అని కువలయ నీళ్ళు పోసినట్టు మెల్లగా అంది. రెండో దెబ్బ పడింది, మూడోది పడింది. అతడు తల వంచి, ఎద్దును విప్పిన కాడి కిందికి దూరాడు.

పక్కనున్న మనిషి కళ్ళు సున్నపు పూతను దాటుకుని ఆ పిడికిలి మీద పడ్డాయి. పెదవులు సాగాయి.

"ఓహో. అజేయుడుగారు," అన్నాడు కాటమ గొంతు తగ్గించి. "లాగండి బాబూ, లాగండి. తమరికి అలవాటు లేదేమో. మొదటి ఏడాది నడుం నొప్పెడుతుంది, అంతే."

ఇద్దరూ భుజాలు ఆనించి లాగారు. చక్రం కదిలింది.

"కాటమా, నీకు చెప్పాలని వచ్చాను..."

"ముందు నేను అడుగుతాను. నేను పారిపోయానని చాటించారుగా. నువ్వు నమ్మావా?"

ఒక చుట్టు పూర్తయింది. మాచన నోరు తెరిచాడు.

"నమ్మలేదు. నమ్మినట్టు పడుకున్నాను."

 కాటమ వీపు కదలడం మొదలుపెట్టింది. నవ్వుతున్నాడు. "మూడేళ్ళు! ఆ మాట నీ నోట వినాలని మూడేళ్ళు ఈ గాడిలో సున్నంతో పాటు నలిగాను. ఆ రాగిగోళ్ళవాడు వచ్చి 'మాచన ఇంకోడిని కొట్టాడు' అని చెప్పినప్పుడల్లా ఈ చక్రానికి నీ పేరు పెట్టి తోశాను. ఇంకెంత మంది మిగిలారు? అందరినీ కొట్టేశావా?"

"నిన్ను తప్ప."

"మరి అది అజేయమెలా అయిందిరా?"

 మాచన లాగుతూ జరిగిందంతా చెప్పాడు, గురువు పాదం మీద సీసం సంగతితో సహా. ఇంతలో మేస్త్రీ మజ్జిగ తాగడానికి పాకలోకి వెళ్ళాడు. కువలయ చటుక్కున కాటమ కాళ్ళ దగ్గర కూర్చుని ఆకురాయి తీసింది. ఇనుము కీచుమంది. కాటమ గొంతెత్తి పడవపాట అందుకున్నాడు. బరువులాగే గొంతు మోతలో ఆ కీచు మునిగిపోయింది. గొలుసు కడియం మూడు వంతులు తెగింది. తెగినచోట ఆమె నల్ల మైనం నింపి, బొటనవేలితో నున్నగా రాసి, ఇసుక అద్దింది. చూసినవాడికి అది ఇనుమే.

"రాత్రి కాపలావాళ్ళు కాలి గొలుసు చూసేటప్పుడు గట్టిగా లాక్కోకు అన్నా," అంది ఆమె. "మిగిలింది పావువంతే. నీ బలానికి అది నూలుపోగు."

కాటమ ఆమె వంక వింతగా చూశాడు. "నీ మొగుడు ఓడాలని నువ్వే సాయం చేస్తున్నావా చెల్లెమ్మా? నేను మెల్లగా కొట్టేవాణ్ణి కాదు."

"మెల్లగా కొడితే చెల్లదట అన్నా."

"అయితే విను." కాటమ మాచన వైపు తిరిగాడు. నవ్వు పోయింది. "ఓడిపోతే చాలనుకుంటున్నావేమో. నాకు చాలదు. ముందు నీ కుడి పిడికిలి విరుస్తాను. ఒక్కో వేలే విరుస్తాను, నువ్వు చూస్తుండగా. ఆ గుప్పిట ఇక ముడుచుకోదు. రేపటి తర్వాత నీ పేరు ఎత్తితే జనం నీ గెలుపులు చెప్పుకోరు, నా దెబ్బలే చెప్పుకుంటారు. ఇష్టమేనా?"

మాచన తన కుడిచేతి వంక చూసుకున్నాడు. అరవై ఒక్క గెలుపులు ఆ గుప్పిట్లోనే ఉన్నాయి. కువలయ అతడి కుడిచెయ్యి అందుకుంది. ముంగిస మీద చిట్లిన కణుపు చుట్టూ సున్నం నెత్తురుతో ముద్ద కట్టి ఉంది. దాన్ని కొంగుతో ఒత్తింది. ఆమె కళ్ళ కింది సున్నంలో రెండు చారలు పడ్డాయి. కానీ గొంతు మాత్రం పెరట్లో పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

"విరవనీ మావా. చిక్కుడుకాయలకి ఈనె తియ్యడం ఈ చేతికి ఎలాగూ రావట్లేదు. ఎడమ చేతికి నేర్పుతాను."

పాక తలుపు చప్పుడైంది. మేస్త్రీ తిరిగి వస్తున్నాడు. దూరంగా కోట బురుజు మీద దీపాలు వెలిగించేవాడు నిచ్చెన ఎక్కుతున్నాడు. ఇక నిలబడడానికి వేళ లేదు. మాచన కాడి కిందనుంచి బయటికి వచ్చి, బుట్ట నెత్తిన పెట్టుకున్నాడు. వంగి, సున్నం సర్దుతున్నట్టు నటిస్తూ, కాటమ కోసిన చెవి దగ్గర గబగబా చెప్పాడు.

"రేపు మధ్యాహ్నం గోడ అవతల డప్పు వినపడుతుంది. మొదటి పిలుపుకి గొలుసు తెంపు. రెండో పిలుపుకి సున్నపు బుట్ట ఎత్తుకుని పీఠం కూలివాళ్ళతో కలిసి బరిలోకి రా. మూడో పిలుపుకి నీ పేరు చెప్పు, రాజుకీ ఊరికీ వినపడేలా. ఆ తర్వాత నన్ను చంపాలనే కొట్టు కాటమా. నేనూ అలాగే కొడతాను. రేపు నేను గెలిస్తే మనందరం చచ్చినట్టే."